మీర్‌పేట్ మాస్టారి రిజిస్టరు

దిల్‌సుఖ్‌నగర్ చౌరస్తాలో బస్సెక్కి, కర్మన్‌ఘాట్ ఆంజనేయస్వామి గుడి దాటి ఇంకొంచెం ముందుకు పోతే మీర్‌పేట్ వస్తుంది. వెనకటికి అది చెరువులూ, పొలాలూ వున్న పల్లె. ఇప్పుడు పల్లె లేదు, పొలాలు లేవు. చెరువులు మాత్రం, మునుపటంత కాకపోయినా, ఇంకా వున్నాయి. తక్కినదంతా ఇళ్ళే. నల్లగొండ నుంచీ, పాలమూరు నుంచీ, మెదకు నుంచీ, కృష్ణకు అవతల గుంటూరు, ఒంగోలు నుంచీ ఉద్యోగాల కోసం, పిల్లల చదువుల కోసం వచ్చినవాళ్ళు తలా నూరు గజాలు, నూటయాభై గజాలు కొనుక్కుని కట్టుకున్న ఇళ్ళు.

ఆదివారం ఉదయం ఆ వీధుల్లో ఒక అరగంట నడిచి చూడండి. ఒక మేడ మీది రేకుల షెడ్డులోంచి డోలకు మోత, పక్క సందులోంచి కీబోర్డు, ఆ మలుపులో గంట. ఇది ఫలానా మిషను వారిది, అది ఫలానా మిషను వారిది, ఆ మూలది ఏ మిషనుకూ చెందని స్వతంత్ర సంఘం. ఎవరి పాస్టరుగారు వారికి, ఎవరి మైకు వారికి. ఒక మైకులోని పాట రెండో మైకులోని ప్రసంగంతో కలిసిపోతూ వుంటుంది. 'దేవుడు ఒక్కడేనంటారు గదా, మరి వీళ్ళు ఒక్కచోట కూర్చోరేమిటి?' అని ఇరుగుపొరుగువారు నవ్వుకోవటం నేను విన్నాను. నవ్వేవాళ్ళ ఇళ్ళలో మాత్రం అన్నదమ్ములందరూ ఒకే పొయ్యి మీద వండుకుంటున్నారా అనేది వేరే సంగతి.

నేనెరిగిన మాస్టారొకరు అక్కడే, చెరువుకు దిగువనున్న వీధిలో కాపురం వుంటున్నారు. ఒంగోలు వైపు వారు. ముప్ఫయ్యేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పి, రిటైరయి, కొడుకు దగ్గర వుండాలని హైదరాబాదు వచ్చారు. తరతరాల బాప్టిస్టు కుటుంబం. కుడిపక్క ఇంటివారు గుంటూరు లూథరన్లు. ఎడమపక్క మెదకు నుంచి వచ్చినవారు, దక్షిణ ఇండియా సంఘం. ఎదురింట్లో మహబూబ్‌నగర్ మెన్నొనైట్ బ్రెద్రెన్. ఆ వెనక కథోలికులు ఒకరు, పెంతెకొస్తు వారు ఇద్దరు. వీధి చివర అపార్టుమెంటులో వాచ్‌మన్ కుటుంబం, వాళ్ళు మైసమ్మను కొలిచేవాళ్ళు. తన పేరు వ్రాయవద్దని మాస్టారు మరీ మరీ చెప్పారు కాబట్టి వ్రాయటం లేదు.

ఆ మంగళవారం రాత్రి

2020 అక్టోబరు 13, మంగళవారం. హైదరాబాదులో ఆ వాన చూసినవాళ్ళెవరూ దాన్ని మరిచిపోలేరు. ఘట్‌కేసర్ దగ్గర ఒక్క రోజులో 32 సెంటీమీటర్లు పడింది. నగరానికి సంవత్సరం మొత్తానికి పడే వాన ఇంచుమించు 80 సెంటీమీటర్లు. అంటే ఏడాది వానలో అయిదింట రెండు పాళ్ళు ఒక్క రాత్రిలో కురిసినట్లు లెక్క. ఎల్.బి. నగర్, సరూర్‌నగర్, దిల్‌సుఖ్‌నగర్ కాలనీల్లో మోటారు సైకిళ్ళు తేలిపోయాయి. నాలుగు రోజులు తిరగకుండానే, 17వ తేదీ రాత్రి, బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగింది. మీర్‌పేట్‌లో మిథిలానగర్ వంటి కాలనీలు చెరువులో కలిసిపోయాయి.

చెరువు వచ్చి ఇళ్ళ మీద పడిందని మనం అంటాము. చెరువు నడిగితే మరొక విధంగా చెబుతుంది. గొలుసుకట్టుగా ఒక చెరువు నిండితే అలుగు పారి రెండో చెరువుకు, అది నిండితే మూడోదానికి, చివరకు మూసీకి నీళ్ళు పోవాలని పాతకాలం వాళ్ళు కట్టుకున్నారు. ఆ అలుగు వాగులో మనం ప్లాట్లు వేసుకున్నాము. శిఖం భూమిలో పునాదులు తీసుకున్నాము. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమంది కొట్టుకుపోయిన తర్వాత నిజాం ప్రభుత్వం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించి సలహా అడిగింది; ఆయన సలహా మీద ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి. పెద్ద ఏటికి ఆనకట్టలు వేసినంత శ్రద్ధ ఆ తరువాత చిన్న చెరువుల మీద ఎవరూ పెట్టలేదు.

మాస్టారి ఇంట్లోకి రాత్రి పది దాటాక నీళ్ళు వచ్చాయి. ముందు స్నానాలగది తూములోంచి వచ్చాయట, వీధిలోంచి కాదు. అర్ధరాత్రికి మంచం ఎత్తుకు లేచాయి. ఎడమపక్క మెదకు ఆయన తలుపు బాది, 'సారూ, మీద గది ఉన్నది, అమ్మను తీస్కొని రాండ్రి' అని ఇద్దరినీ మేడ మీదికి తీసుకుపోయారు. కరోనా రోజులు, మనిషికి మనిషి ఆమడ దూరం వుండాలన్న కాలం. ఒకే గదిలో పదకొండు మంది మూతులకు గుడ్డలు కట్టుకుని తెల్లవార్లూ కూర్చున్నారు.

మూడు దుప్పట్లు

తెల్లవారిన రెండో నాటికి సాయం రావటం మొదలుపెట్టింది. వచ్చిన వాళ్ళంతా మంచివాళ్ళే. మొదట ఒక సంఘం వారు వచ్చి మాస్టారికి ఒక దుప్పటి, అయిదు కిలోల బియ్యం ఇచ్చి పోయారు. సాయంకాలం ఇంకొక సంఘం వారు. మళ్ళీ దుప్పటి, మళ్ళీ బియ్యం. మరునాడు మూడో సంఘం, మూడో దుప్పటి. పొయ్యి నీళ్ళలో మునిగి వున్నది, ఆ బియ్యం వండుకునే దారి లేదు. బోరు నీళ్ళలోకి మురుగు కలిసింది. తాగటానికి గుక్కెడు నీళ్ళు లేవు. మాస్టారి భార్యకు చక్కెర జబ్బు. మందులు బీరువాతో సహా తడిసిపోయాయి. మంచినీళ్ళు ఎవరూ తేలేదు, మందులు ఎవరూ అడగలేదు. వీధి చివర వాచ్‌మన్ కుటుంబానికి ఒక్క దుప్పటీ అందలేదు. అతను ఏ సంఘం జాబితాలోనూ లేడు మరి.

'నాకు కోపం రాలేదండీ, సిగ్గు వేసింది. ముగ్గురికీ వాళ్ళ వాళ్ళ పట్టీలున్నాయి. మూడు పట్టీల్లోనూ నా పేరున్నది. వాడి పేరు ఒక్కదానిలోనూ లేదు. లెక్కల మేష్టరుగా ఇంత తప్పుడు లెక్క నేనెక్కడా చూడలేదు' అన్నారు మాస్టారు నాతో తరువాత.

రెండు దుప్పట్లు తీసుకువెళ్ళి ఆయనే వాచ్‌మన్‌కు ఇచ్చి వచ్చారు. తిరిగివచ్చి, తడవకుండా మిగిలిన ఒక నోటుపుస్తకం సంపాదించి, గీతలు గీశారు. ఆ రిజిస్టరు దగ్గరికి మళ్ళీ వద్దాము. ఈలోగా, ఒక వీధిలో ఇన్ని సంఘాలు ఎట్లా చేరినవి, అవి ఆపదలో కలవటం ఇదే మొదటిసారా అన్నది చూడటం మంచిది.

పంచుకున్న పొలిమేరలు

గత శతాబ్దానికి ముందటి శతాబ్దంలో తెలుగుదేశానికి వచ్చిన ప్రొటెస్టంటు మిషనరీలు ఒకరి పొలిమేరలోకి ఒకరు రాకూడదని ఒడంబడికలు చేసుకున్నారు. నెల్లూరు, ఒంగోలు అమెరికన్ బాప్టిస్టులకు. గుంటూరు అమెరికన్ లూథరన్లకు. బందరు వైపు ఆంగ్లికన్లకు. కాకినాడ వైపు కెనడా బాప్టిస్టులకు. కడప వైపు లండన్ మిషనుకు. మెదకు ఇంగ్లండు నుంచి వచ్చిన వెస్లియన్లకు. పాలమూరు ప్రాంతం తర్వాత్తర్వాత మెన్నొనైట్లకు. కథోలికులు ఈ పంపకంలో లేరు. ఒకరితో ఒకరికి పోటీ లేకుండా వుండటానికి అది మంచి ఏర్పాటే. కాని దాని ఫలితం ఏమయిందంటే, ఒక ఊరివాడు ఏ సంఘమో అతను పుట్టిన తాలూకానే నిర్ణయించింది. బైబిలు చదివి బాప్టిస్టు అయినవాడు ఎక్కడో ఒకడు. ఒంగోల్లో పుట్టి బాప్టిస్టు అయినవాళ్ళు లక్షలు. పల్లెల్లో సంఘాల తేడా వెనక కులాల తేడా కూడా నక్కి వున్నదన్న నిజం ఎవరూ పైకి అనరు గాని అందరికీ తెలుసు.

నూరేళ్ళకు ఆ తాలూకాలన్నీ లేచివచ్చి మీర్‌పేట్‌లో నూరేసి గజాల చొప్పున పక్కపక్కన దిగినవి. పొలిమేరలు పోయాయి, పేర్లు మిగిలాయి.

అయినా వీళ్ళను కలిపే వస్తువొకటి ఎప్పటినుంచో ప్రతి ఇంట్లోనూ వున్నది. అదే 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు'. పురుషోత్తమ చౌదరిగారి మొదలు ఎందరెందరో కట్టిన పాటలున్న ఆ పుస్తకం బాప్టిస్టుల పీట మీదా వుంటుంది, లూథరన్ల పీట మీదా వుంటుంది. మేడ మీద గదిలో పదకొండు మంది కూర్చున్న ఆ రాత్రి పాడటానికి ఎవరికీ పుస్తకం కావలసి రాలేదట.

ఒంగోలు కాలవ

మాస్టారికి తన సొంత ఊరి కథ ఒకటి చాలా ఇష్టం. 1876 నుంచి 78 దాకా దక్షిణ దేశమంతా పట్టి పీడించిన కరువులో ఒంగోలు తాలూకా ఎండిపోయింది. అప్పుడక్కడ బాప్టిస్టు మిషనరీగా వున్న జాన్ క్లౌ దొరకు సర్వే పని తెలుసు. ప్రభుత్వం కరువు పనిగా బకింగ్‌హాం కాలవ తవ్విస్తూ వుంటే ఆయన అందులో మూడున్నర మైళ్ళ కంట్రాక్టు తాను తీసుకున్నాడు. తన ఉపదేశకులను మేస్త్రీలుగా పెట్టి, ఆకలితో వచ్చిన వాళ్ళందరికీ తట్టా పారా ఇచ్చి కూలి ఇప్పించాడు. వచ్చినవాడు క్రైస్తవుడా కాదా అని చూడలేదు.

ఇందులో నాకు గొప్పగా తోచిన సంగతి కాలవ కాదు. కూలికి వచ్చినవారిలో అనేకులు బాప్తిస్మం కావాలని అడిగారు. కరువు తీరేదాకా ఇవ్వనన్నాడు క్లౌ. గింజల కోసం మతం పుచ్చుకున్నారన్న మాట వాళ్ళకూ, తనకూ రాకూడదని ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఆపివేశాడు. కరువు పని ముగిసిన తర్వాతనే, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఏటిలో ఒక్క రోజున 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. దీని మీద వాదాలు ఎన్నయినా వున్నాయి. సాయం చేసిన చేతి దగ్గరికే జనం పోరా అని అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. కాని ఆ ప్రశ్న క్లౌ తనకు తాను ముందే వేసుకున్నాడన్నది మరచిపోకూడదు.

నూటపదహారేళ్ళ తర్వాత, 1994లో, రెడ్‌క్రాసు వారూ, ఇంకా కొన్ని పెద్ద సహాయ సంస్థలూ కలిసి ఆపదల్లో సాయం చేసేవారికి ఒక నియమావళి వ్రాసుకున్నారు. సాయం అవసరాన్ని బట్టి ఇవ్వాలి, మతాన్ని బట్టి కాదు. సాయాన్ని ఏ మత ప్రచారానికీ వాడుకోకూడదు అన్నవి అందులో ముఖ్యమైనవి. దాని మీద సంతకాలు చేసినవారిలో కథోలికుల కారితాసు, లూథరన్ల ప్రపంచ సమాఖ్య, ప్రపంచ సంఘాల మండలి మూడూ వున్నాయి. మన దేశంలో చర్చిల సాయం మీద అనుమానాలు ఈనాటికీ వున్నాయి గనుక ఈ మాట తెలిసి వుండటం ఉభయులకూ మంచిది.

మెదకు ఆయన ఊరుకుంటారా? మా మెదకు గుడి మాటేమిటంటారు. పోస్నెట్ దొర ఆ మహాదేవాలయాన్ని కరువు రోజుల్లో వేలమందికి పనీ తిండీ దొరకటానికే కట్టించాడని ఆ వైపు ఇప్పటికీ చెప్పుకుంటారు. పదేళ్ళు కట్టి 1924 క్రిస్మసు నాడు ప్రతిష్ఠ చేశారు. 175 అడుగుల శిఖరం. అన్నం పెట్టిన కట్టడమని ముసలివాళ్ళు దానివైపు చేతులెత్తి చూపిస్తారు.

ఒకే గొడుగు

సంఘాలు కలవాలన్న మాట తెలుగుగడ్డకు కొత్త కాదు. దోర్నకల్ బిషప్పు అజరయ్యగారు, ఇండియనులలో మొదటి ఆంగ్లికన్ బిషప్పు, 1919లో తరంగంబాడిలో కొందరు పెద్దలను కూర్చోబెట్టి, పడమటి దేశాల తగాదాలు మనకెందుకని అడిగారు. ఆ మాట ఫలించటానికి ఇరవై ఎనిమిదేళ్ళు పట్టింది. అజరయ్యగారు 1945 జనవరి 1న కన్నుమూశారు, చూడలేకపోయారు. స్వాతంత్ర్యం వచ్చిన ఆరు వారాలకు, 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్లూ, మెథడిస్టులూ, ప్రెస్బిటేరియన్లూ, కాంగ్రిగేషనలిస్టులూ కలిసి దక్షిణ ఇండియా సంఘమయ్యారు. ప్రపంచ సంఘాల మండలి ఆమ్‌స్టర్‌డాంలో పుట్టింది ఆ మరుసటేడు. ఇది మనవాళ్ళు కొంచెం గర్వపడదగ్గ సంగతే. బాప్టిస్టులు, లూథరన్లు అందులో చేరలేదు. కాని 1964లో రాజమండ్రిలో అందరి పాస్టర్లకూ ఒకే చదువని ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల పెట్టినప్పుడు వీళ్ళూ చేరారు. 1973లో అది హైదరాబాదు వచ్చింది. లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గర వున్నది.

ఆ 1947లోనే, దేశ విభజనలో ఇల్లూ వాకిలీ పోయి వచ్చిన శరణార్థుల కోసం ప్రొటెస్టంటు సంఘాలు కలిసి ఒక సహాయ సంస్థ మొదలుపెట్టాయి. అదే కాసా. ఇప్పుడు 24 ప్రొటెస్టంటు, ఆర్థడాక్సు సంఘాలు దాని వెనక వున్నాయి. కథోలికులకు 1962 నుంచి కారితాస్ ఇండియా వున్నది.

తెలుగువారికి వీళ్ళ అసలు పరీక్ష దివిసీమలో జరిగింది. 1977 నవంబరు 19, శనివారం. తుపాను వెంట ఉప్పెన వచ్చి, సముద్రం మైళ్ళకు మైళ్ళు లోపలికి నడిచి వచ్చింది. ప్రభుత్వ లెక్కనే పదివేల మంది పోయారు; అంతకన్న ఎక్కువేనని చూసినవాళ్ళంటారు. సొర్లగొంది వంటి ఊళ్ళలో ఏడవటానికి కూడా ఇంటికొక మనిషి మిగల్లేదు. మండలి వెంకట కృష్ణారావుగారు ఊరూరా తిరిగారు. రామకృష్ణ మఠం వారు ఇళ్ళు కట్టారు. మిషన్ల వారూ ఇళ్ళు కట్టారు. గుంటూరు కేంద్రంగా పల్లెల పునర్నిర్మాణ సంస్థ నడిపిన బెల్జియం దేశపు జెస్విటు ఫాదర్ మైకేల్ విండీ, 1969 తుపాను నాటినుంచే కోస్తాలో ఊళ్ళు కడుతున్నాయన, దివిసీమలోనూ కట్టారు. కాసా వారు ఇళ్ళతో పాటు తుపాను ఆశ్రయాలు కట్టారు. మామూలు రోజుల్లో పదిమంది చేరే చోటు, తుపాను రోజున ఊరు ఊరంతా ఎక్కే మేడ.

ఆ మేడల విలువ 1990 మే 9న తెలిసింది. అంతే బలమైన తుపాను మళ్ళీ కృష్ణ ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. ముందుగా హెచ్చరించి లక్షలాది మందిని కదిలించారు, ఆశ్రయాలున్నాయి. ఈసారి పోయినవారు వెయ్యిలోపే. వెయ్యి ప్రాణాలు తక్కువని కాదు. పదివేల పక్కన పెట్టి చూడండి.

దివిసీమలో కథోలికుడు కట్టిన ఇంట్లో లూథరను వున్నాడు, మఠం కట్టిన ఇంట్లో క్రైస్తవుడున్నాడు. మరి మీర్‌పేట్‌లో అయిదడుగుల నీటిలో మూడు దుప్పట్లు ఒకే ఇంటికి ఎందుకు వచ్చాయి? పై గొడుగు పెద్దదే. అది సందుల్లోకి దూరదు. దేశం మొత్తానికి 24 సంఘాలు ఒక బల్ల దగ్గర కూర్చోవటం ఒక ఎత్తు. ఒక వీధిలో ముగ్గురు పాస్టర్లు ఒకరి ఫోను నంబరు ఒకరు రాసుకోవటం ఇంకొక ఎత్తు. రెండోదే కష్టం.

గడులు

ఇక రిజిస్టరు. స్కూలు హాజరు పట్టీ మాదిరిగానే వుంటుంది. ఇంటి నంబరు, ఎంతమంది మనుషులు, అందులో పసిపిల్లలు, గర్భిణులు, మంచాన వున్నవారు, రోజూ వేసుకోవలసిన మందులు, నీటి సంపు కిందనా పైనా, ఇంటికి మేడ వున్నదా, గ్యాసు బండ ఎక్కడ. మతం గడి లేదు. సంఘం గడి లేదు. అద్దెకున్నవాళ్ళకు వేరే పేజీ లేదు.

నీళ్ళు తీసిన మూడో నాడు నాలుగు సంఘాల కుర్రవాళ్ళు ఏడుగురు దాన్ని పట్టుకుని వీధి వీధి తిరిగారు. అందులో ఒక అమ్మాయి నర్సింగు చదువుతున్నది. మందుల గడి ఆమె చెప్పగా పెట్టిందే. తరువాత ఎవరు ఏమి తెచ్చినా, 'అయ్యా, ఈ పేజీ చూసి ఇవ్వండి' అన్నారు. దుప్పట్లు తెచ్చినవారిని వెనక్కు పంపి మంచినీళ్ళ క్యాన్లు తెమ్మన్నారు. ఒకాయనకు కోపం వచ్చింది కూడా; దుప్పటి పంచుతూ ఫోటో తీయించుకోవటానికి బాగుంటుంది, నీళ్ళ క్యానుకు ఆ అందం లేదు. ఎదురువీధి మసీదు వారు వండి తెచ్చిన అన్నం కూడా ఈ పేజీల ప్రకారమే పంచారు. బతుకమ్మ పండుగ ముంగిట వచ్చిపడిన కష్టమది. ఆ వీధి ఆడపిల్లలు ఆ ఏడు ఒక్క పళ్ళెంలోనే బతుకమ్మను పేర్చుకున్నారట.

ఈ పని సాఫీగా సాగిందనుకోకండి. నెల తిరక్కుండా ఒక సంఘపు పెద్ద వచ్చి, 'మాస్టారూ, మా యవ్వనస్థులు మీ వెంట తిరుగుతున్నారు, రేపు మీ గుడికే వస్తామంటారేమో' అన్నారు. చర్చిల భాషలో దీన్ని గొర్రెల దొంగతనమంటారు. కానుకలు తగ్గుతాయన్న భయం ఒకటి, పిల్లల పెళ్ళిళ్ళు ఎటుపోతాయోనన్న భయం ఇంకొకటి. రెండో భయమే పెద్దది. నోటితో అన్నది మాత్రం మొదటిదే. మాస్టారు ఒక షరతు పెట్టారు. రిజిస్టరు పనికి వచ్చినవాళ్ళు ఆదివారం ఎవరి గుడికి వారే పోవాలి. పోని ఆదివారం నాటి వారం పనికి రాకూడదు. ఆ షరతు విని పెద్దాయన నవ్వేశారు.

రేకుల మీది వాన

వరద తగ్గాక అసలు ప్రశ్న వచ్చింది. వేసవిలో ఈ వీధికే నీళ్ళ ట్యాంకరు వస్తుంది. అక్టోబరులో మునిగి, ఏప్రిల్‌లో దాహం! లెక్కల మాస్టారు గదా, లెక్క వేశారు. వెయ్యి చదరపుటడుగుల కప్పు మీద ఏడాదికి 80 సెంటీమీటర్ల వాన పడితే సుమారు 74 వేల లీటర్లు. అయిదో వంతు పోయినా దాదాపు 60 వేల లీటర్లు మిగులుతాయి. అంటే అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు పన్నెండు. ఆ 32 సెంటీమీటర్ల వాన ఒక్కటే కురిస్తే వెయ్యి అడుగుల కప్పు మీంచి దాదాపు 30 వేల లీటర్లు వీధిలోకి దూకుతాయి. ఆ నీళ్ళను ఇంకుడు గుంటలోకి దింపిన ఇల్లు, తనకు నీళ్ళు దాచుకోవటమే కాదు, కింది వీధికి వరద తగ్గిస్తుంది. ఇక పెద్ద కప్పులు ఎవరివి? చర్చిలవి. రేకుల షెడ్డు కంటె వాన పట్టటానికి మంచి కప్పు లేదు.

ఇందులో మతం ఎక్కడున్నదని అడిగేవారున్నారు. తోటలో పెట్టిన మొదటి మనిషికి అప్పగించిన పని దాన్ని సాగుచేసి కాపాడటమేనని బైబిలు మొదటి పుస్తకం చెబుతుంది. ఆ మాట చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. 1989లో ఆర్థడాక్సు పేట్రియార్కు దిమిత్రియోసు సెప్టెంబరు ఒకటిని సృష్టి కోసం ప్రార్థించే దినంగా పెట్టారు. 2015లో పోపు ఫ్రాన్సిసు భూమిని మన ఉమ్మడి ఇల్లని పిలుస్తూ లేఖ వ్రాసి, కథోలికులకూ ఆ దినాన్ని చేర్చారు. ఇప్పుడు అక్టోబరు 4 దాకా అయిదు వారాలు చాలా సంఘాలు కలిసి జరుపుకుంటున్నాయి. దక్షిణ ఇండియా సంఘానికి పర్యావరణం కోసం ప్రత్యేక విభాగమే వున్నది. మనకు ఆ అయిదు వారాలు సరిగ్గా చెరువులు నిండే రోజులు.

కాని ప్రసంగాలు విని ఇంటికి పోయేటప్పుడు చర్చి వాకిట్లో ప్లాస్టిక్ గ్లాసుల గుట్ట వుంటే ఏం లాభం? క్రిస్మసుకు థర్మోకోలు పశువులపాక, కొత్త సంవత్సరానికి వీధి పొడుగునా ఫ్లెక్సీ! ఆ ఫ్లెక్సీలు పోయి పడేది చెరువు తూములోనే. కోత పండుగ మాట మరీ విచిత్రం. పల్లెలో తొలి పంట తెచ్చి గుడిలో అర్పించి వేలం వేయటం చక్కని ఆచారం. మీర్‌పేట్‌లో పంట ఎక్కడిది? సరూర్‌నగర్ రైతుబజారులో గుమ్మడికాయ కొని తెచ్చి అర్పించవలసిందే. మాస్టారి భార్య ఒక ఏడు మేడ మీద కుండీలో కాసిన నాలుగు వంకాయలు తీసుకుపోతే, వేలంలో వాటికి గుమ్మడికాయ కన్న ఎక్కువ ధర పలికిందట! ఇప్పుడు స్త్రీల సమాజంలో కుండీల మీద పోటీ.

ఆ ఏడుగురు కుర్రవాళ్ళు ఇప్పుడు పాతికమందయ్యారు. మేలో వి.బి.ఎస్. తరగతులు జరిగేటప్పుడు, పాటలూ కథలూ అయ్యాక ఒక గంట చిన్నపిల్లలను వెంటబెట్టుకుని మురుగుకాలవల వెంట నడుస్తారు. ఎక్కడ పూడిందో రాసుకుని మునిసిపాలిటీ వారికి కాగితం పెడతారు. పది కాగితాలకు రెండింటికి జవాబు వస్తుంది. ఆ రెండూ లెక్కే. మృగశిర కార్తె నాటికి రిజిస్టరు తిరగరాయాలని నియమం. ఫోనులో రాసుకుంటే సరిపోదా అని కుర్రవాళ్ళంటారు, ఫోనులోనూ వున్నది. కరెంటు పోయిన మూడో గంటకు మీ ఫోనూ ఇటుకరాయీ ఒకటేనని మాస్టారి వాదం.

నేను పోయినప్పుడు చివరి పేజీ చూపించారు. ఆపదలో పదిమంది ఎక్కగల మేడలు, హాళ్ళ పట్టిక అది. చర్చిలు, ఒక ఫంక్షను హాలు, బడి, అపార్టుమెంటు మేడలు. ప్రతిదానికీ ఎదురుగా 'తాళంచెవి ఎవరి దగ్గర' అన్న గడి. అన్నీ సిరాతో నిండి వున్నాయి. ఒక్క దగ్గర పెన్సిలు. ఆ చర్చి పెద్దలు, అర్ధరాత్రి పరాయివాళ్ళకు తాళం ఇవ్వటానికి కమిటీ తీర్మానం కావాలన్నారట. మాస్టారు ఉత్తరం వ్రాశారు. కమిటీ రెండుసార్లు కూర్చున్నది. మూడోసారి కూర్చోబోతున్నదని ఆయన చెబుతూ, పెన్సిలు చెవి మీద పెట్టుకుని, కాఫీ తెమ్మని లోపలికి కేక వేశారు.